సెలవుల జ్ఞాపకం ఎవరిది?

అందరికీ నమస్కారం.

ఈ సభలో పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన అమ్మానాన్నలు ఉన్నారు. మనవల చేయి పట్టుకుని వచ్చిన తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు ఉన్నారు. వేసవి సెలవులు దగ్గర పడ్డాయి కాబట్టి, చిన్నప్పుడు బంధువులందరి మధ్య గడిపిన సెలవుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నాకు చాలా ఇష్టమైన విషయం. కాలేజీలో మనస్తత్వశాస్త్రం పాఠాలు చెప్పినన్నాళ్ళూ నేను ఎక్కువ చదివిందీ, ఎక్కువ చెప్పిందీ పిల్లల జ్ఞాపకాల గురించే. అందుకని ఆ రోజులు ఎంత బాగుండేవో చెప్పి కూర్చోను. అవి మీకూ తెలుసు. ఆ రోజులు మనలో ఎలా నిలిచాయి, ఎవరి వల్ల నిలిచాయి అన్నది చెప్తాను. అది తెలిస్తే ఇప్పుడు మన ఇళ్ళలో తిరుగుతున్న పిల్లలకు రేపు ఏం మిగులుతుందో కొంతవరకు మన చేతుల్లో ఉంటుంది.

ముందు ఒక చిన్న పని చేద్దాం. కళ్ళు మూసుకోండి. పెదనాన్నలు, బాబాయిలు, అత్తయ్యలు, మామయ్యలు, వాళ్ళ పిల్లలు అందరూ ఒక ఇంట్లో చేరిన సెలవులు గుర్తు తెచ్చుకోండి. అందులో మీకు గుర్తున్న అన్నిటికంటే పాత సంగతి ఏది? తొందర లేదు, వెతకండి.

(కొద్దిసేపు విరామం)

ఇప్పుడు చెప్పండి, అప్పటికి మీ వయసెంత? ముందు వరసలో ఒకరు నాలుగు అంటున్నారు. ఐదు, అక్కడ మూడున్నర, మళ్ళీ నాలుగు. వెనకనించి ఒకరు ఆరు అన్నారు. రెండు అన్నవాళ్ళు లేరు. ఏ దేశంలో ఏ సభలో అడిగినా దాదాపు ఇలాగే వస్తుంది. ఫ్రాన్సులో విక్టర్ ఆన్రీ, కాత్రిన్ ఆన్రీ అనే దంపతులు 1890ల్లోనే పెద్దవాళ్ళకు ప్రశ్నలు పంపి, మీ మొట్టమొదటి జ్ఞాపకం ఏమిటని అడిగారు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఎంతోమంది అడుగుతూనే ఉన్నారు. పెద్దవాళ్ళ తొలి జ్ఞాపకం సగటున మూడు, నాలుగేళ్ళ మధ్య వయసుదే అవుతోంది. అంతకుముందుది దాదాపు ఖాళీ. దీన్ని మా శాస్త్రంలో శైశవ విస్మృతి అంటారు.

అయితే ఆ వయసు పిల్లలకు అసలు గుర్తే ఉండదని అనుకోకండి. రెండేళ్ళ పిల్ల పోయిన నెల వచ్చిన అత్తయ్యని గుర్తుపట్టి ఒళ్ళోకి ఎగబాకుతుంది. మూడేళ్ళవాడు తాతయ్య పుట్టినరోజు నాడు ఏం జరిగిందో పూసగుచ్చినట్టు చెప్తాడు. గుర్తుండటం నిజమే, ఆ తర్వాత జారిపోవడమూ నిజమే. ఎప్పుడు జారిపోతుంది?

అమెరికాలో ఎమొరీ విశ్వవిద్యాలయంలో పెట్రీషియా బాయర్, మరీనా లార్కినా దీన్ని ఓపికగా చూశారు. పిల్లలకు మూడేళ్ళున్నప్పుడు తల్లులు వాళ్ళతో ఈ మధ్య జరిగిన సంగతులు మాట్లాడుతుంటే రికార్డు చేశారు. కొన్నేళ్ళు ఆగి, ఆ పిల్లల్లో కొందర్ని ఐదేళ్ళకు, కొందర్ని ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిదేళ్ళకు పిలిచి అవే సంగతులు అడిగారు. ఐదు నుంచి ఏడేళ్ళ పిల్లలకు వాటిలో 63 నుంచి 72 శాతం దాకా గుర్తున్నాయి. ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలకు గుర్తున్నవి సుమారు 35 శాతమే. ఈ ఫలితాలు 2014లో వచ్చాయి. అంటే మరుపు మనం పెద్దయ్యాక ఎప్పుడో వచ్చి పడేది కాదు. బడికి వెళ్ళే వయసులోనే, మన కళ్ళ ముందే, ఏడు దాటి ఎనిమిదిలో పడే పిల్లలో అది జరిగిపోతూ ఉంటుంది. ఈ సెలవులకు మీ ఇంట్లో ఏడేళ్ళ పిల్లలుంటే ఈ మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి.

ఎందుకు జారిపోతాయి అన్నదానికి కారణాలు చాలానే ఉన్నాయి. మెదడు ఎదుగుదల ఒకటి. అది మన చేతుల్లో లేదు. మన చేతుల్లో ఉన్నది రెండోది, మాట.

న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయంలో గాబ్రియెల్ సిమ్‌కాక్, హార్లీన్ హేన్ చేసిన ప్రయోగం ఒకటి ఉంది. 2002లో ప్రచురించారు. నాకు చాలా ఇష్టమైన ప్రయోగం కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. వాళ్ళు ఒక పెద్ద పెట్టె తయారుచేశారు. దాని పైనుంచి పెద్ద బొమ్మ వేసి పిడి తిప్పితే లైట్లు వెలుగుతాయి, చప్పుళ్ళు వస్తాయి, కిందనుంచి అచ్చం అలాంటిదే చిన్న బొమ్మ బయటికి వస్తుంది. బొమ్మల్ని చిన్నవి చేసే మాయ యంత్రం అన్నమాట. రెండేళ్ళు దాటిన పిల్లలనుంచి మూడేళ్ళు దాటినవాళ్ళ దాకా దాంతో ఆడుకున్నారు. ఆ రోజుకి ఏ పిల్లకి ఏయే మాటలు వచ్చో తల్లిదండ్రుల్ని అడిగి రాసుకున్నారు. ఆరు నెలలకు కొందరి దగ్గరికి, ఏడాదికి కొందరి దగ్గరికి మళ్ళీ వెళ్ళారు. పిల్లలు ఫోటోల్లో ఆ బొమ్మల్ని గుర్తుపట్టారు, యంత్రం ఎలా నడపాలో చేసి చూపించారు. నోటితో చెప్పమంటే మాత్రం తడబడ్డారు. ఈలోగా ఎన్నో కొత్త మాటలు నేర్చుకున్నారు కదా, వాటిని వాడొచ్చు కదా? వాడలేదు. ఆడుకున్న రోజున తమకు రాని మాటని ఆ అనుభవం చెప్పడానికి ఒక్క పిల్ల కూడా ఉపయోగించలేదు.

అంటే జరిగినప్పుడు మాట తోడు లేని అనుభవం, తర్వాత మాటగా మారడం చాలా కష్టం. ఇప్పుడు సెలవుల్లో కిక్కిరిసిన ఇంటిని తలుచుకోండి. అక్కడ చిన్నపిల్ల చుట్టూ ఎన్ని నోళ్ళు! ఏది జరిగినా పక్కన ఎవరో ఒకరు దానికి మాట పెడతారు. పదేళ్ళ అన్నయ్య ఒకలా చెప్తాడు, పిన్ని ఇంకోలా చెప్తుంది, వంటింట్లో పని చేసుకుంటూ పెద్దమ్మ అదే సంగతి మూడోసారి చెప్తుంది. తల్లీ తండ్రీ పనికి వెళ్ళొచ్చి అలసిపోయి ఉండే మామూలు రోజుల్లో పిల్లకి ఇంత మాట దొరకదు. చిన్నప్పటి సెలవులు మనకు అంత బాగా గుర్తుండటానికి ఆటలు, తిళ్ళు, స్వేచ్ఛ కారణమని అనుకుంటాం. అవి కారణాలే. నా లెక్కలో మాత్రం వాటికంటే పెద్ద కారణం, జరిగిన ప్రతిదాన్నీ ఆ రాత్రే పక్కల మీద పడుకుని పదిమంది మళ్ళీ చెప్పుకోవడం.

దీనికి బలం ఇచ్చే సంగతి కూడా న్యూజిలాండ్‌లోనే ఉంది. 2000లో హార్లీన్ హేన్, ఆమె సహచరులు అక్కడి పెద్దవాళ్ళని తొలి జ్ఞాపకం అడిగారు. యూరోపియన్ మూలాలవాళ్ళ తొలి జ్ఞాపకం సగటున మూడున్నరేళ్ళ వయసుది. అక్కడి మూలవాసులైన మావోరీలది రెండేళ్ళ ఎనిమిది నెలల వయసుది. అంత చిన్న వయసు జ్ఞాపకం ఇంకే సమాజంలోనూ సగటుగా కనిపించలేదు. మావోరీ కుటుంబాల్లో గతానికి చాలా గౌరవం. పూర్వీకుల కథలు, పిల్ల పుట్టిన రోజు కథ, ఇంట్లో జరిగిన సంగతులు పిల్లలకు పదేపదే చెప్పుకుంటారు. పరిశోధకులు కారణం అక్కడ వెతికారు.

సరే, అందరిళ్ళలోనూ పిల్లలతో మాట్లాడతారు కదా అంటారు. మాట్లాడతారు. ఎలా మాట్లాడతారన్నదే అసలు సంగతి. రాబిన్ ఫైవుష్, ఎలైన్ రీస్ లాంటివాళ్ళు ఎన్నో ఏళ్ళు తల్లీపిల్లల కబుర్లు రికార్డు చేసి విన్నారు. వాటిలో రెండు తరహాలు కనిపించాయి. నా మాటల్లో చెప్తాను.

ఒక తల్లి అడుగుతుంది: "నిన్న తాతయ్య పుట్టినరోజుకి ఎవరెవరొచ్చారు?" పిల్ల "అత్త" అంటుంది. "అత్త సరే, ఇంకెవరు?" పిల్ల ఆలోచిస్తుంది. "అదేంటి, మర్చిపోయావా? ఎవరొచ్చారో చెప్పు." పిల్ల బొమ్మ తీసుకుని వెళ్ళిపోతుంది. ఇది పరీక్ష. జవాబు తల్లికి ముందే తెలుసు, ఆ సంగతి పిల్లకీ తెలుసు.

ఇంకో తల్లి: "నిన్న అత్తయ్య వచ్చింది కదా, లోపలికి వస్తూనే ఏం చేసింది?" "నన్ను ఎత్తుకుంది." "అవును, ఎత్తుకుని గిరగిరా తిప్పేసింది! నువ్వు భయపడ్డావా, నవ్వావా?" "నవ్వాను. మళ్ళీ తిప్పమన్నాను." "మళ్ళీ తిప్పిందా? నేను వంటింట్లో ఉండిపోయాను, చూడలేదు." ఇక పిల్ల ఆగదు. అమ్మ చూడనిది తను చూసింది కదా, చెప్పాలి.

పిల్ల అన్న మాటని పట్టుకుని ఇంకాస్త పెంచడం, ఎలా, ఎందుకు, నీకేమనిపించింది అని అడగడం, పిల్లకే తెలిసింది చెప్పించుకోవడం. ఇలా మాట్లాడే తల్లుల పిల్లలు తర్వాత సొంతంగా ఎక్కువ చెప్పగలుగుతారు, ఎక్కువ కాలం గుర్తుపెట్టుకుంటారు. ఇలా మాట్లాడటం తల్లులకు నేర్పించి చూస్తే కూడా పిల్లల్లో మార్పు కనిపించింది. కాబట్టి ఇది కొందరికే పుట్టుకతో వచ్చే గుణం అనుకోనక్కరలేదు, నేర్చుకోవచ్చు. పరిశోధనలు ఎక్కువగా తల్లుల మీద జరిగాయి, అది నాకు కాస్త బాధ కలిగించే విషయం. తండ్రులు, తాతలు, మేనమామలు ఈ పని ఎంత బాగా చేస్తారో సెలవుల ఇంట్లో పెరిగిన ఎవర్ని అడిగినా చెప్తారు.

ఇప్పుడు నా సొంత జ్ఞాపకం ఒకటి. మా బంధువుల పిల్లలమంతా దాగుడుమూతలు ఆడుతున్నాం. నేను సామాన్ల గదిలోకి దూరాను. బయటనుంచి ఎవరో గడియ పెట్టేశారు. చీకటి, మూలన పాత ట్రంకుపెట్టె, దాని మీద మడతపెట్టిన గోనెసంచులు, తలుపు కింద సన్నగా వెలుగు గీత. ఏడ్చి ఏడ్చి గొంతు పోయాక బాబాయి తలుపు తీశాడు. భుజం మీద వేసుకున్నాడు. ఇది నాకు నిన్న జరిగినంత స్పష్టంగా ఉంది.

మా పెద్దమ్మ కూతురు, నాకంటే రెండేళ్ళు పెద్దది, ఇదే కథ చెప్తుంది. అదే ట్రంకుపెట్టె, అదే గోనెసంచులు, అదే వెలుగు గీత. బాబాయి భుజం మీద ఉన్నది మాత్రం తను! నేను బయట నిలబడి ఏడుస్తున్నానట. ఏళ్ళ తరబడి ఇద్దరం కలిసినప్పుడల్లా వాదించుకుంటున్నాం. మా పిన్నిని అడిగితే, "మీరిద్దరూ కాదు, చిన్నవాడు" అంది. బాబాయి ఇప్పుడు లేరు.

ఇలాంటి వాదన మా ఇంట్లోనే ఉందనుకునేదాన్ని. 2001లో మెర్సిడీస్ షీన్, సైమన్ కెంప్, డేవిడ్ రూబిన్ కవలల మీద చేసిన అధ్యయనం చదివాక ఎంత మామూలు విషయమో అర్థమైంది. కవలల్లో ఇద్దరూ ఒకే సంఘటనని "అది జరిగింది నాకే" అని నమ్మకంగా చెప్పిన సందర్భాలు వాళ్ళకు దొరికాయి. కవలలు కాని తోబుట్టువుల్లోనూ, స్నేహితుల్లోనూ అలాంటివి కనిపించాయి, కాకపోతే తక్కువగా. కలిసి పెరిగి, ఒకే వయసులో ఉండి, అవే కథలు కలిసి చెప్పుకున్నవాళ్ళ మధ్య జ్ఞాపకాలు చేతులు మారతాయి. సెలవుల్లో ఒకే గదిలో వరసగా పడుకున్న పిల్లల మధ్య ఇంకా ఎక్కువ మారతాయని నా నమ్మకం.

అక్క మీద నాకు కోపం లేదు. ఆ చీకటి గదిలో ఎవరున్నా, ఆ భయం మా ఇద్దరిదీ. మారిస్ హాల్బ్‌వాక్స్ అనే ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త 1925లోనే ఈ మాట చెప్పాడు. మనిషి ఒంటరిగా గుర్తుపెట్టుకోడు, తాను భాగమైన సమూహం ఆసరాతో గుర్తుపెట్టుకుంటాడు, ఆ సమూహాల్లో కుటుంబం ముఖ్యమైనది అన్నాడు. నాజీలు ఆయన్ని బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో పెట్టారు. 1945లో అక్కడే చనిపోయాడు. ఆయన మాట మాత్రం నేను ప్రతి ఏడూ క్లాసులో చెప్పాను. మా సామాన్ల గది కథ బతికుంది నా వల్లా కాదు, అక్క వల్లా కాదు. ఇద్దరం వాదించుకుంటున్నాం కాబట్టి బతికుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. పిల్లల జ్ఞాపకాల మీద పెద్దల మాటకు ఇంత బలం ఉందంటే, ఆ బలంతో లేనిది కూడా పెట్టేయొచ్చు. పిల్లల మేధా వికాసం గురించి చదివినవాళ్ళందరికీ తెలిసిన పేరు జీన్ పియాజే. ఆయనకు పసివయసు జ్ఞాపకం ఒకటి ఉండేది. బండిలో కూర్చోబెట్టి ఆయా తీసుకెళ్తుంటే ఎవడో ఎత్తుకుపోవడానికి వచ్చాడు, ఆయా అడ్డుపడింది, ఆమె ముఖం మీద గీరుకుపోయింది. ఇవన్నీ కళ్ళకు కట్టినట్టు గుర్తుండేవి. ఆయనకు పదిహేనేళ్ళ వయసులో ఆ ఆయా ఉత్తరం రాసింది. అదంతా తను అల్లిన కథ, బహుమానంగా ఇచ్చిన వాచీ తిరిగి ఇచ్చేస్తున్నాను అని. ఇంట్లో పెద్దవాళ్ళు ఆ కథ చెప్పుకుంటుంటే విన్నాడు, విన్నది చూసినదైపోయింది.

ఎలిజబెత్ లాఫ్టస్, జాక్వెలిన్ పిక్‌రెల్ 1995లో 24 మందితో చేసిన ప్రయోగం ప్రసిద్ధమైంది. చిన్నప్పుడు నువ్వు ఒక పెద్ద షాపింగ్ మాల్‌లో తప్పిపోయావు అని ఒక కల్పిత సంఘటనని, కుటుంబసభ్యులు చెప్పిన మూడు నిజమైన సంఘటనలతో కలిపి ఇచ్చారు. దాదాపు పావువంతు మంది ఆ జరగనిదాన్ని పూర్తిగానో కొంతగానో గుర్తు తెచ్చుకున్నారు. 2002లో కింబర్లీ వేడ్, ఆమె సహచరులు ఇంకో అడుగు వేశారు. 20 మంది చిన్ననాటి ఫోటోల్ని తీసుకుని, వాళ్ళు గాలి బెలూన్‌లో ఎగురుతున్నట్టు ఒక ఫోటో తయారుచేసి చూపించారు. కొన్నిసార్లు అడిగేసరికి సగం మంది ఆ ప్రయాణం గురించి ఏదో ఒకటి చెప్పారు. వాళ్ళెవరూ బెలూన్ ఎక్కలేదు.

కుటుంబ కథల్లో అతిశయోక్తులు ఉంటాయి, ఉండనివ్వండి. నాకు బాధ కలిగించేది వేరే ఉంది. సెలవుల్లో పదిమంది చేరినప్పుడు ఒక పిల్లాడి మీద ముద్ర వేస్తాం. "వీడు పుట్టినప్పటినుంచీ ఏడుపుగొట్టే", "ఇది మహా మొండి", "చిన్నప్పుడు వీడొక్కడే ఎవరితోనూ కలిసేవాడు కాదు." ఏటా అదే కథ, అందరి ముందూ. ఆ పిల్లాడికి ఆ ఏడుపు గుర్తుండదు, దాని వెనక కారణమూ గుర్తుండదు. గుర్తుండేది పెద్దల మాటే. కొన్నాళ్ళకు అది తన జ్ఞాపకమే అనుకుంటాడు, తను అంతే అనుకుంటాడు. దయచేసి ఈ పని చేయకండి. ఆ రోజు ఎందుకు ఏడ్చావో నీకేమైనా గుర్తుందా అని ఒక్కసారి అడగండి, మీ ముద్రని పక్కన పెట్టి వినండి.

ఇంకొకటి, ఇది మరీ ముఖ్యం. సెలవుల జ్ఞాపకాలన్నీ తీపివే అన్నట్టు మాట్లాడటం మనకు అలవాటైంది. అందరికీ కాదు. బంధువుల ఇంట్లో భయపడిన పిల్లలు ఉన్నారు. తక్కువ చేసి చూడబడినవాళ్ళు ఉన్నారు, పెద్దవాళ్ళవల్ల హాని పొందినవాళ్ళూ ఉన్నారు. ఒక పిల్ల "నేను ఆయన దగ్గర పడుకోను", "అక్కడికి రాను" అంటే, "తప్పు, పెద్దవాళ్ళని అలా అనకూడదు" అని నోరు మూయించకండి. అక్కడే ఆగండి. పక్కకు తీసుకెళ్ళి, మాటలు మీరు అందించకుండా, తను చెప్పింది చెప్పినట్టు వినండి. మిగతా బంధువులు ఏమనుకుంటారో తర్వాత చూసుకోవచ్చు.

ఇక మన జ్ఞాపకాల్లో సెలవులన్నీ కలిసిపోయి ఒకటే సెలవుగా ఎందుకు కనిపిస్తాయో చూద్దాం. ఏ ఏడు ఏది జరిగిందంటే చెప్పలేం. మారిగోల్డ్ లింటన్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1970ల్లో తన మీద తానే పరీక్ష పెట్టుకుంది. ఆరేళ్ళపాటు రోజూ కనీసం రెండు సంగతులు కార్డుల మీద రాసి, ఎప్పటికప్పుడు వాటిలోంచి తీసి గుర్తున్నాయో లేదో చూసుకునేది. మళ్ళీ మళ్ళీ జరిగే పనులు విడివిడిగా నిలవలేదు, ఒకదానిలో ఒకటి కలిసిపోయి "మామూలుగా ఇలా జరుగుతుంది" అన్న ఒకే రూపం మిగిలింది. మన సెలవులకూ అదే జరిగింది. పొద్దున లేవడం, స్నానాల కోసం కొట్టుకోవడం, మధ్యాహ్నం బలవంతపు నిద్ర, ఇవి అన్నేళ్ళవీ కలిసి ఒక పొద్దున, ఒక మధ్యాహ్నం అయిపోయాయి. అందులో నష్టమేమీ లేదు, "మా ఇల్లు" అన్న భావం ఆ కలిసిపోయినదానిలోనే ఉంది.

విడిగా నిలిచేది మామూలుకు భిన్నంగా జరిగిందే. మా తాతయ్య పుట్టినరోజు సెలవుల్లోనే వచ్చేది. ఒక ఏడు పిల్లలమంతా దుప్పట్లు తెరగా కట్టి నాటకం వేశాం. అందరికంటే చిన్నవాడు రాజు వేషంలో వచ్చి, చెప్పాల్సింది మర్చిపోయి, ఎదురుగా కూర్చున్న తాతయ్యతో "నువ్వు చెప్పు" అన్నాడు. తాతయ్య లేచి తెర దగ్గరికొచ్చి, చేయెత్తి, రాజు మాట తనే చెప్పేశాడు. ఆయన పుట్టినరోజులు ఎన్నో చూశాను, విడిగా చెప్పగలిగింది ఆ ఒక్కటే. కాబట్టి సెలవులంతా కార్యక్రమాలతో నింపి పెద్దవాళ్ళు టెన్షన్ పడక్కరలేదు. అంతా మామూలుగా సాగనిచ్చి, పిల్లలే తలపెట్టిన పని ఒక్కటి జరగనిస్తే చాలు.

వాసనల గురించి ఒక్క మాట. స్వీడన్‌లో యోహాన్ విల్లాండర్, మరియా లార్సన్ 2006లో పెద్దవయసువాళ్ళకు మాటలు, బొమ్మలు, వాసనలు ఇచ్చి ఏం గుర్తొస్తుందో అడిగారు. మాటలకు, బొమ్మలకు పదేళ్ళు దాటిన వయసు సంగతులు ఎక్కువ గుర్తొచ్చాయి. వాసనలకు పదేళ్ళలోపువి. పాత బీరువా తెరవగానే నానమ్మ గుర్తొచ్చి కాళ్ళు ఆగిపోతాయే, అది అందుకే.

ఫోటోల సంగతి కూడా చెప్పాలి, ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి కాబట్టి. లిండా హెంకెల్ 2014లో ఒక మ్యూజియంలో చూసింది. వస్తువుల్ని ఫోటో తీసినవాళ్ళకు, ఊరికే చూసినవాళ్ళకంటే ఆ వస్తువులు తక్కువ గుర్తున్నాయి. ఫోటోలు మానేయమని నేను అనను. మా తాతయ్య నాటకం రోజు ఫోటో ఒక్కటుంటే ఎంత బాగుండేది! తీసిన ఫోటోల్ని ఫోన్లో పూడ్చిపెట్టకండి. సెలవులు అయ్యాక ఒక సాయంత్రం పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని తెరవండి. ఫోటోలో లేనిది అడగండి. "ఇది తీసేటప్పుడు అందరూ ఎందుకు అటు చూస్తున్నారు?" అప్పుడు ఆ ఫోటోకి ప్రాణం వస్తుంది.

చివరగా ఒక అధ్యయనం. ఎమొరీలోనే పనిచేసిన మార్షల్ డ్యూక్ భార్య సారా కూడా మనస్తత్వశాస్త్రవేత్తే. చదువులో ఇబ్బందులున్న పిల్లలతో పనిచేసేది. తమ కుటుంబం గురించి ఎక్కువ తెలిసిన పిల్లలు కష్టాల్ని మెరుగ్గా తట్టుకుంటున్నారని ఆమె గమనించింది. దాంతో డ్యూక్, రాబిన్ ఫైవుష్ కలిసి 20 ప్రశ్నలు తయారుచేశారు. మీ అమ్మానాన్న ఎలా కలిశారో తెలుసా? తాతయ్య, నానమ్మ ఎక్కడ పెరిగారో తెలుసా? నీ పేరు ఎక్కడనుంచి వచ్చింది? ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ అదుపులో ఉందన్న నమ్మకం ఎక్కువగా కనిపించాయి.

ఇది వినగానే ఇంటికెళ్ళి 20 జవాబులు బట్టీ పట్టించేవాళ్ళు ఉంటారని నాకు తెలుసు! అలా చేయొద్దని ఆ పరిశోధకులే చెప్పారు. జవాబుల్లో మహిమ లేదు. పిల్ల పుట్టకముందు జరిగిన సంగతి పిల్లకి తెలిసిందంటే, ఎవరో ఎప్పుడో తీరిగ్గా కూర్చుని చెప్పారని అర్థం. భోజనాల దగ్గర, పండగలప్పుడు, సెలవుల్లో చెప్పారని అర్థం. ఎక్కువసార్లు చెప్పేది అమ్మమ్మలు, నానమ్మలే అని కూడా వాళ్ళు గమనించారు.

నేను చెప్పాలనుకున్నది చెప్పాను. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోనుంచి: మేమంతా తలోచోట ఉంటున్నాం. అందరం ఒకచోట చేరే సెలవులు ఇక రావు. మా అబ్బాయికి ఇవన్నీ లేనట్టేనా?)

లేనట్టు కాదమ్మా. ఇల్లు నిండా మనుషులు లేకపోవడం లోటే, దాన్ని నేను దాచను. కానీ మాటకు ఒకే ఇల్లు అక్కరలేదు. మీ నాన్నగారితో వీడియో కాల్ చేసినప్పుడు అబ్బాయిని "తాతయ్యకి హాయ్ చెప్పు" అని ఒక్క క్షణం చూపించి ఫోన్ లాక్కోకండి. వాళ్ళిద్దర్నీ వదిలేయండి. తాతయ్య చూడని సంగతి ఒకటి అబ్బాయి చెప్పాలి, అబ్బాయి పుట్టకముందుది ఒకటి తాతయ్య చెప్పాలి. మీ అన్నదమ్ముల పిల్లలు వేరే వేళలో ఫోన్ చేస్తే అదే సంగతి వాళ్ళ నోట మళ్ళీ వినండి. తేడాలు వస్తాయి. వాదించుకోనివ్వండి.

(సభలోనుంచి: మా అమ్మకి ఈ మధ్య మతిమరుపు వస్తోంది. డాక్టర్లు డిమెన్షియా మొదలైందన్నారు. ఈ సెలవులకు పిల్లల్ని ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నాను.)

తీసుకెళ్ళండి. ఇలాంటప్పుడు సాధారణంగా ఈ మధ్య సంగతులు ముందు పోతాయి, చిన్నప్పటివి ఇంకొన్నాళ్ళు నిలుస్తాయి. అందుకని పొద్దున ఏం తిన్నావు, వీడి పేరేంటి అని పిల్లల ముందు ఆవిడకు పరీక్ష పెట్టకండి, అది ఆవిడకు అవమానం. ఆవిడ చిన్నప్పటి సెలవుల గురించి పిల్లల చేత అడిగించండి. పాత ఫోటో, పాత చీర ఏదో ఒకటి చేతిలో పెట్టండి. చెప్పిందే మళ్ళీ చెప్తుందని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి, లేకపోతే వాళ్ళు కంగారుపడతారు. ఆవిడకు చెప్పి, ఆవిడ సరేనంటేనే ఫోన్లో రికార్డు చేసుకోండి. పేర్లు, వరసలు తారుమారైతే ఆవిడని అక్కడ సరిదిద్దొద్దు. తర్వాత మీ పిన్నినో మామయ్యనో అడిగి, వాళ్ళు ఎలా చెప్పారో కూడా ఆ పక్కనే రాసి పెట్టుకోండి.